ఇల్లుబండి పిల్ల

మా ఊరి జనానికి నా చిన్నప్పుడు ఒక గట్టి నమ్మకం ఉండె. పంక్చర్ చాచా నోట్లకెల్లి నిజం వచ్చిన రోజు వాన పడుతదని. పాలమూరు జిల్లాల వానకు ఎంత కరువో అందరికి తెలిసిందే. చాచా నోట్ల నిజానికి దానికన్న ఒక మెట్టు ఎక్కువ కరువు. మబ్బు లేకుండ ఆషాఢం దాటిపోతుంటే మా అవ్వ ఆయన దుకాణం ముంగట ఆగి, "ఓ సాయిబూ, ఒక్క నిజం చెప్పరాదయ్యా, చేన్లు ఎండుతున్నయి" అని మొక్కేది. ఆయన టైరు మీదికెల్లి తల ఎత్తకుండనే, "నిన్ననే చెప్పిన గదా అవ్వా, నువ్వు పదారేండ్ల పిల్ల లెక్కనే ఉన్నవని. పడ్డదా వాన?" అనేటోడు.

ఆ దుకాణం శ్రీశైలం పోయే తొవ్వ మీద, మా ఇంటి గోడకు ఆనుకొని ఉండేది. పైన రేకులు, లోపల ఒక గాలి పంపు, నీళ్ల తొట్టి, దూలానికి వేలాడే పాత ట్యూబులు. సైకిల్ నుంచి లారీ దాక దేనికి గాలి పోయినా అక్కడ ఆగాల్సిందే. ఆగినోళ్లు ఒక కత వినకుండ పోయింది లేదు. అమ్రాబాద్ అడివిల పులి కాలికి ముల్లు దిగితే చాచానే పోయి ముల్లు గుంజి, రబ్బరు పట్టీ అంటించి వచ్చిండట. ఇప్పటికీ ఆ పులి నడిచిన జాగాల మూడు కాళ్లవి పులి అడుగులు పడుతయట, నాలుగో కాలిది మాత్రం టైరు అచ్చు పడుతదట. ఒకపారి లారీ టైరుకు గాలి జర ఎక్కువ కొడితే, డ్రైవర్‌తో సహా లారీ లేచిపోయి దేవరకొండల దిగిందట. డ్రైవర్ డీజిల్ మిగిలిందని సంబురపడి చాచాకు చాయ పోయించిండట.

ఇప్పుడు మా ఊర్ల అబద్ధాలకు చాచా కూర్చున్న గద్దె నాది. నేను చెప్పిన ముచ్చట్ల సగం తీసేసి, మిగిలిన సగాన్ని నీళ్లల్ల నానబెట్టి పిండి, అప్పుడు తాగాలె అని మా వదిన అంటది. తప్పు లేదు. కాని ఈసారి చెప్పబోయేదాంట్ల తీసెయ్యాల్సింది ఏం లేదు. ఉంటే ఎంతో బాగుండు.

దసరా దాటినంక మా ఊరు సగం ఖాళీ అయ్యేది. కూలీలను కుదుర్చుకపోయే గుంపుమేస్త్రి లారీ పంపిస్తే, పారలు, గంపలు, సర్వలు, కోళ్లు, చంటిపిల్లలు అన్ని అందులకే ఎక్కేటివి. ఎక్కడో దూరాన కాలువలు తవ్వే పని. మల్ల ఉగాది దాక ముసలోళ్లు, బడి పిల్లలే ఊర్ల మిగిలేటోళ్లు. మా అమ్మ, బాపు ఏటేటా పోయేటోళ్లు. నేను బడి కోసం అవ్వ దగ్గర ఉండేదాన్ని, మా తమ్ముడు అమ్మ చంకన పోయేటోడు. అయితే అంతకుముందు ఏడు అక్కడి నీళ్లు పడక వానికి పానం మీదికి వచ్చింది. అందుకని ఆ ఏడు వాన్ని కూడ అవ్వ దగ్గరనే వదిలిపెట్టిండ్రు. అప్పుడు నేను మూడో తరగతి. వాడింక పలక పట్టనోడు.

మా ఇండ్లల్ల ఒక రివాజు ఉండె. వలస పోయేనాడు ఇంటి ఆడమనిషి సొంత పొయ్యిలకెల్లి పిడికెడు బూడిద తీసి పాత చీర పేలికల మూట గట్టి వెంట తీసుకపోయేది. పోయిన జాగాల మూడు రాళ్లు పెట్టంగనే ఆ బూడిద చల్లి పొయ్యి ముట్టిచ్చేది. అప్పుడు కొత్త నీళ్లు పానానికి పడతయని నమ్మకం. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి పొయ్యి బూడిద మూట గట్టి తెచ్చి మల్ల ఇంటి పొయ్యిల కలిపేది. ఇల్లు విడిచిపోలే, పొయ్యి అటుదిటు జరిగింది అంతే, అన్నట్టు. మా అమ్మ ఆ మూటకు ముడి ఏస్తే ఊర్ల ఎవ్వరికి విప్పరాకపోయేది. గోర్లతోని కాదు, పళ్లతోని కాదు. మా బాపు నవ్వుకుంట, "నన్ను గూడ గిదే ముడి ఏసి కట్టింది" అనేటోడు. ఆ పొద్దు తమ్ముడు పొయ్యి కాడ కూర్చొని అమ్మ వేళ్లు ఎట్ల తిరుగుతున్నయో రెప్ప ఆర్పకుండ చూసిండు. లారీ కదిలినప్పుడు ఏడ్వలే. అదే మాకు తప్పు తోచాల్సింది.

వాడు తినుడు మానేసిండు. పొద్దుగాల లేస్తే వాకిట్ల రాయి మీద కూర్చొని తొవ్వ చూసుడే పని. గట్క నోట్ల పెడితే మింగకుండ బుగ్గల పెట్టుకొని పొద్దూకేదాక అట్లనే ఉండేటోడు. అవ్వ దిష్టి తీసింది, తాయత్తు కట్టించింది, అచ్చంపేట దవాఖానకు ఎత్తుకపోయింది. సూది మందు ఇచ్చిన డాక్టరు, "రోగం లేదు, బెంగ" అన్నడు. బెంగకు మందు రాయమంటే రాయలే. మెడ మీద తల నిలవనంత బక్కపడ్డడు. అవ్వ రాత్రిపూట వాని ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేది.

అట్లాంటి ఒక పొద్దు చాచా మా వాకిట్లకు వచ్చి, తమ్ముని ముంగట గొంతుకూర్చొని, చేతి రుమాలులకెల్లి ఒక బొమ్మబండి తీసి నేల మీద పెట్టిండు. పోత పోసిన బొమ్మ. చిన్నగున్నా ఎత్తితే బరువు. పాలమీగడ రంగు, నడుమ ఆకుపచ్చ పట్టీ, పెచ్చులు లేసినకాడ లోపలి లోహం కనపడుతాంది. బస్సు గాదు, లారీ గాదు, జీపు గాదు. వెనకకు ఒక తలుపు, కిటికీలకు పరదాల బొమ్మలు. చాచా వేలితోని కప్పు ఎత్తితే లోపల రెండు మంచాలు, ఒక బల్ల, ఒక మూలకు చిటికెన గోరంత పొయ్యి. వెనకట ఇంగ్లండ్‌ల కొందరు ఇంటిని బండి మీద కట్టుకొని ఊర్లు తిరిగేటోళ్లని, అది అట్లాంటి ఇల్లుబండికి అచ్చుపోసిన నమూనా అని నాకు చాన ఏండ్లకు తెలిసింది.

తమ్ముడు దాని దిక్కు చూసి, చాన దినాలకు నోరు తెరిచిండు.

"గిదేంది?"

"ఇల్లు."

"కింద గిర్రలున్నయి గదా?"

"ఉండవా మరి? ఎప్పుడు జూసినా మనుషులే ఇల్లిడిసి పోవాల్నా? ఒక్కపారన్న ఇల్లు మనిషెంట పోవద్దా బేటా?"

తర్వాత చాచా కత మొదలుపెట్టిండు. లండన్ దొర, దొరసాని పెద్ద ఇల్లుబండిల శ్రీశైలం పోతుంటే మన మలుపు కాడ పంక్చర్ అయిందట. తను టైరు విప్పుతుంటే బండి ఒక్కతీరుగ మూలుగుతాందట. ఏందా అని చూస్తే నిండు చూలు! యాపచెట్టు కింద ఈనిందట. ఘాటు రోడ్డు ఎక్కే సత్తువ పిల్లకు లేదు గనుక, జర పెద్దగైనంక తీసుకపోతమని చాచా దగ్గర విడిచిపోయిండ్రట. రోజు ఒక్క చుక్క నూనె పోసి సాకాలె. సాకితే నిజం బండంత అయితది. అప్పుడు అందరు అందులనే ఎక్కి కాలువ పని కాడికి పోవచ్చు. అమ్మ అందులనే వండుతది, అందులనే పండుతది, గుడిసె ఎయ్యాల్సిన ఫికర్ లేదు.

తమ్ముడు కప్పు ఎత్తి లోపలికి చూసిండు. "ఎవ్వరు లేరు."

"పనికి పోయిండ్రు," అన్నడు చాచా, తడుముకోకుండ. "పొద్దుమూకినంక వస్తరు. అయితే ఒక సంగతి. ఈ జాతి బండికి ఒక గుణం ఉన్నది. సాకేటోడు తింటేనే దీని కడుపు నిండుతది. వాడు మాడితే ఇదీ మాడుతది. సాకుతవా, ఇంకో పోరనికి ఇయ్యాల్నా?"

తమ్ముడు లేచి తూలుకుంట వంటింట్లకు పోయిండు. గట్క కోసం పోయిండనుకున్నం. పొయ్యిలకెల్లి చిటికెడు బూడిద తెచ్చి, బొమ్మబండి పొయ్యి మీద వేలితోని రాసిండు. "కొత్త నీళ్లు పడాలె గదా" అన్నడు. అప్పుడు అవ్వ దిక్కు తిరిగి నోరు తెరిచిండు. అవ్వ ఆత్రంగ పెట్టంగ గట్క సగం వాని గదుమ మీదనే పడ్డది.

ఆ చలికాలమంతా మా ఇంట్ల ఒక బండి పిల్ల పెరిగింది. పొద్దుగాల చాచా నూనె డబ్బా మూతి తగిలిచ్చి ఒక చుక్క పోసేటోడు. తమ్ముడు తిన్నంక దాన్ని జానతోని కొలిచేటోడు. పెరగలేదని అలిగితే చాచా, "లండన్ జాతి బేటా, నిమ్మళంగ పెరుగుతది. మన బర్రెదూడ అనుకున్నవా?" అనేటోడు. నాకు మాత్రం అనుమానంగనే ఉండె. ఒకనాడు దుకాణం వెనక పట్టుకొని, "ఇనుము పెరుగుతదా చాచా, నిజం చెప్పు" అని నిలదీసిన. ఆయన నీళ్ల తొట్టిల ట్యూబు ముంచి బుడగ కోసం చూసుకుంట, "వాడు పెరుగుతాండా లేదా? అది కొలువు" అన్నడు. వాని బుగ్గలు నిండిన సంగతి, లాగు బొందు బిగువైన సంగతి అప్పుడు చూసిన. ఆ రాత్రి నుంచి నేను కూడ చెయ్యి కలిపిన. బండి పిల్ల గుర్రు పెట్టిందని, కలల ఘాటు రోడ్డు చూసి ఉలిక్కిపడ్డదని చెప్పేదాన్ని. తమ్ముడు నోరు తెరుచుకొని వినేటోడు. నా అబద్ధాల బడి అట్ల మొదలైంది. నా మొదటి శిష్యుడు, మొదటి కస్టమర్ వాడే.

ఉగాది ఇంకా రాకముందే ఒకనాడు పొద్దుగూకంగ గుంపు లారీ వచ్చి మా మలుపు కాడ ఆగింది. అది లారీ వచ్చే వేళ గాదు. తమ్ముడు బండి పిల్లను చంకన పెట్టుకొని, అమ్మకు చూపియ్యాలని ఉరికిండు. వాని వెనక నేను. లారీలకెల్లి మా బాపు ఒక్కడే దిగిండు. చేతిల బూడిద మూట ఉన్నది. వెనక నుంచి ఆడోళ్ల ఏడుపు లేసింది. కాలువ తవ్వుతుంటే గట్టు పెళ్ల విరిగి అమ్మ మీద పడ్డదట. అక్కడనే మన్ను చేసి వచ్చిండ్రట. నాకు ఆ మాటలు చెవులకు తాకినయి గాని లోపలికి పోలే. ఒక్కటే తోచింది. బూడిద నీళ్ల నుంచి కాపాడుతది గాని, మన్ను నుంచి కాపాడదని మాకెవ్వరు చెప్పలే.

తమ్ముడు లారీ చుట్టు తిరిగి వచ్చి, "అమ్మ ఏది?" అన్నడు. అవ్వ వాన్ని గుండెకు అదుముకొని, కండ్లు తుడుచుకొని, "పనికి పోయింది బిడ్డా. ఎనక వచ్చే లారీల వస్తది" అన్నది. అక్కడున్న పెద్దమనుషులు తలలూపిండ్రు. మా బాపు కూడ ఊపిండు. తమ్మునికి అది తెలిసిన మాటనే. తను కప్పు ఎత్తినప్పుడు చాచా చెప్పిన మాట. వాడు నిమ్మళంగ ఇంట్లకు పోయి, తిని, బండి పిల్లను పక్కల పెట్టుకొని పండుకున్నడు. తెల్లారి మల్ల వాకిట్ల రాయి మీద కూర్చున్నడు. ఎనక వచ్చే లారీ కోసం.

అవ్వ ఇల్లిల్లు తిరిగి చేతులు జోడించింది. పోరనికి చెప్పకుండ్రి, మల్ల తిండి మానేస్తే ఈసారి బతకడు అని. ఊరు ఒప్పుకుంది. ఆఖరుకు చాచా దుకాణం కాడికి పోయింది. జీవితమంతా ఆయనను ఒక్క నిజం అడిగిన మనిషి, ఆనాడు కొంగు చాపి అబద్ధం అడిగింది.

"సాయిబూ, నీ కతను ఇంకొన్నొద్దులు సాగదియ్యి. నీకు రానిది గాదు."

చాచా చేతిలున్న ట్యూబు కింద పెట్టిండు. ఎప్పుడు నవ్వే మొఖం, అట్ల చూసింది లేదు.

"పులి కాలికి పట్టీ ఏసిన అని చెప్తే, ఆ పులి కోసం ఎవ్వడన్నా అడివికి పోయి కూసున్నడా అవ్వా? నవ్వి, లేసి, ఎవని పని మీద వాడు పోయిండు. వీడు తొవ్వ కాడ కూసున్నడు. రేపు కూసుంటడు, ఎల్లుండి కూసుంటడు. రాని మనిషి కోసం కూసోబెట్టేదాన్ని నేను కత అనను. నాతోని గాదు."

"వాడు సస్తడయ్యా!"

"వాని పక్కకే ఉంట. నువ్వు జర ఆ మూట తే."

చాచా మా వాకిట్లకు వచ్చి రాయి పక్కన నేల మీద కూర్చున్నడు. మా బాపు గోడకు ఒరిగి అటు దిక్కు తిరిగి నిలబడ్డడు. చాచా ముచ్చట తిప్పలే, మలపలే. "బేటా, అమ్మ పనికి పోలే. అమ్మ సచ్చిపోయింది. ఇగ రాదు" అన్నడు.

తమ్ముడు కిసుక్కున నవ్విండు. "పో చాచా! నీయన్ని అబద్ధాలే."

ఆ నవ్వు నాకు ఇప్పటికి చెవుల ఉన్నది. అబద్ధాలు చెప్పి బతికినోడు నిజం ఒక్కటి చెప్పబోతే, కొనేటోడు లేడు.  చాచా బూడిద మూట తీసి వాని ఒళ్లె పెట్టిండు.

"విప్పు బేటా."

"నాకు రాదు. అమ్మ ముడి ఎవ్వరికి రాదు."

"విప్పి జూడు."

తమ్ముడు రెండు వేళ్లతోని కొస పట్టి గుంజిండు. ముడి సర్రున జారిపోయింది. పేలిక తెరుచుకొని బూడిద వాని తొడల మీద పడ్డది. అది మా బాపు ఏసిన ముడి. మొగోని చేతి ముడి. వాడు ఆ పేలిక దిక్కు చాన సేపు చూసిండు. లారీ పోయిన పొద్దు రెప్ప ఆర్పకుండ చూసిన వేళ్లు ఎట్ల తిరిగినయో వానికి యాదికి ఉన్నది.

"గిది అమ్మ ముడి గాదు."

"గాదు బేటా."

"అమ్మ ఎందుకు ఎయ్యలే?"

చాచా వాని తల మీద చెయ్యి పెట్టిండు. అప్పుడు ఏడ్చిండు వాడు. లారీ కదిలిన పొద్దు ఏడ్వాల్సింది కూడ అప్పుడే ఏడ్చిండు. గోడ కాడ మా బాపు, గడప కాడ అవ్వ, నడుమ నేను, అప్పటిదాక ఒకరికొకరం దాచుకున్న ఏడుపు అంతా ఆ వాకిట్ల కుప్ప పోసుకున్నం. ఆకాశంల మబ్బు తునక లేదు. చాచా నోట్లకెల్లి నిజం వచ్చిన రోజు మా ఊర్ల వాన పడలే.

అవ్వ భయపడ్డట్టే వాడు మల్ల తినుడు మానేసిండు. చాచా దుకాణం రేకు తలుపు దించి వచ్చి వాని పక్కన కూర్చునేటోడు. కత చెప్పలే. పులి రాలే, లారీ లేవలే. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెను రెండు తునకలు చేసి, ఒకటి వాని ముంగట పెట్టి, ఇంకొకటి తను నిమ్మళంగ నమిలేటోడు. వాడు ముట్టకపోతే ఆ తునక కోళ్లకు ఏసి, తెల్లారి మల్ల రొట్టె తెచ్చేటోడు. లారీలోళ్లు వచ్చి హారన్ కొట్టి కొట్టి, తిట్టుకుంట పోయేటోళ్లు. ఒక పొద్దు తమ్ముడు బండి పిల్లను చేతిల తిప్పుకుంట అడిగిండు.

"ఇది ఇగ పెరగదా?"

"పెరగదు బేటా. అది ఇనుము."

"మరి నేను తింటే ఏమైతది?"

"నువ్వు పెరుగుతవ్."

"పెరిగి?"

పులికి, టైరుకు, లండన్ దొరకు జవాబు ఉన్న మనిషి, "తెల్వదు బేటా" అన్నడు. "నిజంగనే తెల్వదు."

తమ్ముడు ఆయన మొఖం చాన సేపు చూసిండు. అందులో దాచింది ఏం లేదని తేల్చుకున్నట్టున్నడు. రొట్టె తునక తీసి కొరికిండు.

చాచా పోయి చాన ఏండ్లయింది. బండి పిల్ల పట్నంల పాతసామాన్ల సంతల, తూకానికి కొన్న ఇనుముల దొరికిందని ఆయన పోయినంక ఆయన భార్య ఖాలమ్మ చెప్పింది. నాకైతే యాపచెట్టు కింద ఈనిన సంగతే నిజమనిపిస్తది. తమ్ముడు పెరిగి లారీ డ్రైవర్ అయిండు. క్యాబిన్‌లనే వండుతడు, అందులనే పండుతడు. లోడు మీద టార్పాలిన్ కట్టి వాడు ముడి ఏస్తే క్లీనర్లకు విప్పరాదు, దించేకాడ హమాలీలు వాన్నే పిలుస్తరు. ఎవరు నేర్పిండ్రని అడిగితే చెప్పడు. బయలెల్లే ముందు నా పొయ్యి కాడ ఆగి చిటికెడు బూడిద తీసుకపోతడు.

నేను ఇప్పుడు వలస పోయినోళ్ల పిల్లలు ఉండే హాస్టల్‌ల వంట చేస్త. బండి పిల్ల అక్కడ పప్పు డబ్బాల పక్కన ఉంటది. చిటికెన గోరంత పొయ్యి మీద నల్లటి మరక ఇంకా పోలే. పిల్లలు కప్పు ఎత్తి, లోపల ఎవ్వరు లేరేందని అడుగుతరు. అడివిల పులి దగ్గరి నుంచి దేవరకొండల దిగిన లారీ దాక అన్ని చెప్త, నా సొంతయి కూడ కలుపుత. అన్నం తినేదాక నా నోరు ఆగదు. ఒక్క దాని కాడ ఆగుతది. మొన్న ఒక చిన్న పొల్ల పళ్లెం విడిచి గేటు కాడికి పోయి, తొవ్వ దిక్కు మొఖం పెట్టి కూర్చున్నది. పోయి పక్కన కూర్చున్న.

"మా అమ్మ ఎప్పుడొస్తది ఆయమ్మా?"

నాలిక చివరకు ఎన్ని కతలు వచ్చినయో నాకే తెలుసు. అన్నిటిని మింగిన.

"తెల్వదు బిడ్డా," అన్న. కొంగుల ఉన్న రొట్టెను రెండు తునకలు చేసిన.